చెయ్యి వణుకుతోందన్న మాట

ప్రభువునందు ప్రియమైన అన్నయ్యకు,

ఫోన్‌లో చెప్పబోతే ఏడుపొస్తుంది, అందుకే ఎప్పటిలా ఉత్తరమే రాస్తున్నాను. ఈ రోజు మా ల్యాబ్ సూపర్‌వైజర్ నన్ను తన గదిలోకి పిలిచి తలుపు వేసింది. "అక్కా, మీ చెయ్యి వణుకుతోంది. నిన్న ఆ పెద్దాయనకి మూడుసార్లు సూది గుచ్చారు. రేపట్నుంచి రక్తం తీయొద్దు, కౌంటర్లో కూర్చోండి" అంది.

పంతొమ్మిదేళ్లుగా పసిపిల్లలకి కూడా ఒక్క పోటుకే నరం దొరకబుచ్చుకున్న చెయ్యి ఇది! నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల నాకు చెప్పడమా? నా చోట్లో తన మనిషిని పెట్టుకోవాలని, అంతే.

అలిసిపోయాను అన్నయ్యా. మోకరిస్తే ప్రార్థన రావట్లేదు, ఆ పిల్ల మీద ఫిర్యాదులే వస్తున్నాయి. నువ్వు సంఘ కాపరివి కదా, చెప్పు. విశ్వాసినని నోరు మూసుకుని పడుండాలా? పై అధికారికి రాసిచ్చేయనా?

నీ చెల్లి

* * *

ప్రియమైన బుజ్జమ్మా,

పది రోజులు పట్టింది జవాబుకి. నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. 'ఓర్చుకో, ప్రభువు చూసుకుంటాడు' అని రాసేస్తే నాకు సులువే.

పై అధికారికి రాయకు. ఆ అమ్మాయి చెప్పింది నిజం. ఏడాదిగా నీ ఉత్తరాల్లో అక్షరాలు వణుకుతున్నాయి, గీత మీద నిలవట్లేదు. "చెప్పండీ" అని మీ వదిన పోరుతూనే ఉంది. నేను రోజూ నీకోసం ప్రార్థించాను గానీ నీతో ఒక్క ముక్క అనలేదు. నువ్వు బాధపడతావని అనుకున్నాను. అదీ అబద్ధమే, నీ కోపానికి భయపడ్డాను. ప్రేమ ఉన్నవాడు నిజం చెప్పాలని ఆదివారాలు బోధించేవాణ్ణి, ప్రార్థన చాటున దాక్కున్నాను. ఆ అమ్మాయి తలుపు వేసి, నీ ముఖం చూసి చెప్పింది.

డాక్టరుకి చూపించుకో తల్లీ. నన్ను క్షమించు.

మీ అన్నయ్య

* * *

అన్నయ్యా,

నెల్లాళ్లు నీ మీద కోపంతోనే రాయలేదు. 'ప్రియమైన' అని పెట్టడానికి ఇవాళ కూడా చెయ్యి రాలేదు.

నరాల జబ్బు మొదలైందన్నారు. మందులతో అదుపులో ఉంటుందట, పూర్తిగా పోదట. మర్నాడే సూపర్‌వైజర్ దగ్గరికెళ్లి, "నిన్ను తప్పుగా అనుకున్నానమ్మా, క్షమించు" అన్నాను. "మీకా మాట చెప్పాక రెండు రోజులు నాకు ముద్ద దిగలేదక్కా" అని కళ్లు తుడుచుకుంది.

కౌంటర్ పని నాకు నచ్చలేదు. పేర్లు టైపు చేస్తూ, పక్క గదిలో చొక్కా చేతులు మడుచుకునే వాళ్లని చూస్తూ కూర్చుంటాను. ఎందుకిలా అని ప్రభువుని అడిగాను. ఇంకా అడుగుతున్నాను.

నిన్ను క్షమించాను. ఒక్కసారిగా కాలేదు, రోజుకింత. ఇకమీదట మన మధ్య దాపరికాలొద్దు. ముందు నేనే మొదలుపెడతాను: నీ ప్రసంగాలు మరీ పొడుగు. నీ దగ్గరికొచ్చినప్పుడల్లా చూస్తున్నాను, సగం మంది నిద్రపోతున్నారు. వదినతో సహా.

ప్రేమతోనే చెప్తున్నాను,
నీ బుజ్జమ్మ