పడవ వాటాకు పోయిన మందు

శ్రీకాకుళం జిల్లా వైద్యాధికారి గారి సముఖమునకు,
ఎచ్చెర్ల దాపున గెడ్డపేటలో పురాణం చెప్పుకొను అప్పలసూరి దాసు వ్రాసుకొన్న అర్జీ.

విషయం: పెన్సిలిన్‌కు లొంగని పుండుతో ప్రాణాపాయమందున్న గంగులును విశాఖపట్నం పెద్దాసుపత్రికి చేర్చుటకు జీపు కోరుట గురించి.

అయ్యా,

రక్తబీజుణ్ణి సగం నరికి వదిలితే ఏమవుతుందో తమరెరుగుదురా? రాలిన ప్రతి బొట్టూ మరో రాక్షసుడై లేస్తుంది. మా పల్లెలో లేచాడు.

1. గంగులు పడవ కళాసీ. జెల్ల చేప ముల్లు కాలిలో దిగి చీము పట్టినది. తాలూకా ఆసుపత్రి డాక్టరు గారు పెన్సిలిన్ సీసాలిచ్చి, వరుస తప్పక సూది వేయించుకోవలెనని ఆజ్ఞాపించియున్నారు.

2. మా పల్లెలో పడవకు దక్కినదేదైనా తలా ఒక వాటా. తాళ్ల ఒరుపుకి పడవలో అందరికీ సెగ్గడ్డలున్నవి. పడవ పెద్ద జోగయ్య ఆ సీసాలనూ వాటాలు వేసినాడు. నేను అడ్డు నిలిచితిని.

"మందురా అది, చేప కాదు!"

"ఊరుకో దాసూ. పురాణం నువ్వొక్కడివే ఇంటావేటి? అందరికీ సెప్తావు కాదా? ఇదీ అంతే."

పడవంతా నవ్వింది. గంగులు కూడా నవ్వాడు. సంతకు వచ్చే సూదులాయన తలా ఒక పోటు పొడిచి పోయాడు.

3. గడ్డలూ, గంగులు పుండూ అణిగినట్టే అణిగి మళ్లీ లేచినవి. ఈసారి డాక్టరు గారు మళ్లీ ఇచ్చిన మందు గంగులుకు పూర్తిగా పడినను గుణము లేదు. ఎరుపు మోకాలు దాటి తొడకెక్కింది. చర్మం నల్లబడుతోంది. "అరకొర మందుకు బతికిపోయిన పురుగులివి, నా దగ్గరున్న మందుకు చావవు. విశాఖపట్నంలో చీము పరీక్షించి వేరే మందు వెయ్యాలి, కుళ్లింది కోసి తియ్యాలి. ఆలస్యమైతే కాలు కాదు, మనిషే దక్కడు" అని డాక్టరు గారి మాట. బస్సువాడు వాసనకు ఎక్కించుకోలేదు.

4. చొక్కా ఎరుగని జోగయ్య నిన్నటి నుండి చొక్కా తొడుక్కొని తిరుగుచున్నాడు. భుజం ఎవరికీ చూపించడు. ఇప్పుడు పడవలో ఎవరూ నవ్వడం లేదు.

గంగులు భార్య బుల్లమ్మ నా గుమ్మంలో నిలబడి, "దాసూ, పెద్ద ఆఫీసరికి నీ దేవుడు సెప్తాడా, నువ్వు సెప్తావా?" అంది. నేనే చెప్తున్నాను. గజేంద్రుడు మొరపెడితే స్వామి శంఖచక్రాలు సర్దుకోలేదు, తమరు కాగితాలు సర్దుకోవద్దు. ఈ మొర నిలుచున్నపాటున చిత్తగించవలెను.

తమ విధేయుడు,
అప్పలసూరి దాసు

మరొక మనవి: ఈ అర్జీ తెచ్చినది బుల్లమ్మే. ఆమెను బల్ల మీద కూర్చోబెట్టకండి. రేపు రమ్మనకండి. జీపులో ఎక్కించి పంపండి బాబూ, ఈ పొద్దే, పొద్దు వాలకముందే!