నాయన చేతికట్టె

మిట్టేమరి

మురళీధరా,

నీ వకీలు పంపిన కాగితం అందింది. స్వాతంత్ర్యం కోసం జైలుకు పోయిన మా నాయన, అంటే మీ తాత, బతికినన్నాళ్ళూ పట్టుకోని తిరిగిన చేతికట్టె ఇదేనని, మన ఇంటి సొత్తని, నేను చిక్కబళ్ళాపుర కోర్టులో సాక్ష్యం చెప్పల్లంటావు. చెప్తే బెంగళూరులో నీ వేలం జరుగుతాది, లేకుంటే సర్కారు దాన్ని మ్యూజియంకు ఎత్తుకోని పోతాది. అంతే కదప్పా నీ బాధ?

మీ తాతను మన్ను చేసిన దినం నువ్వు రాలేదు. పరీక్షలన్నావు. వచ్చింటే చూసింటావు. మనిండ్లల్లో పోయినోళ్ళ చేతికట్టె వాళ్ళ పక్కనే పెట్టి మన్నేస్తాము. ఆయన కట్టెను నా చేతుల్తో నేనే పెట్టినా. మరి నీకు దొరికింది యాడిదని ఒక్క మాటన్నా అడిగినావా?

పోయిన పండక్కి వచ్చి, గొడ్ల కొట్టం తలుపుకు అడ్డమేసిండే కట్టెను తీసుకోని పోయినావు. జెండా ఎగరేసిన దినం మా నాయన మోకాలు ఇరగ్గొట్టి, పోలీసోడు పారేసి పోయిన లాఠీ అది. నాయన దాన్ని ఎన్నడూ చేత పట్టలేదు. పేడలో పడుండనీ, దానికి అంతే మర్యాద అంటాండె.

కోర్టుకు వస్తాను. ఈ మాటే చెప్తాను. ఆ లాఠీకి పూలదండేసి, ముందర నువ్వు చేతులు జోడించి నిలబడిన పోటో పేపర్లో పడింది కదా, దాన్ని గూడా తెస్తాను.

మీ అత్త