ఆవు నీది, ఆకాశం నాది

న్యూయార్క్,
ఫిబ్రవరి 3, 1874

ప్రియమైన హైరమ్,

నువ్వు, చెల్లెమ్మ కీజయా, మీ పశువులు అంతా క్షేమమని తలుస్తాను. పశువుల్ని ఆఖర్న అడిగానని నొచ్చుకోకు.

రైల్లో ఒక పెట్టె పంపాను. అందులో ఉన్నది బొమ్మ కాదు, నా ప్రాణం. కొండలు, వాగు, తెల్లారుజాము వెలుగు. గట్టు మీది బర్చ్ చెట్టుకే నెల పట్టింది. చిత్రకారుల సంఘంలో ఈ వసంతానికి ఒక్క సభ్యత్వం ఖాళీగా ఉంది కదా, ఈ బొమ్మతో అది నాకు రావాలి. నెత్తి నెరిసిపోయింది, ఇంకెప్పుడు? కానీ చూసినవాళ్ళంతా "బాగుంది గానీ బోసిగా ఉంది, ఒక ఆవైనా లేదే" అంటున్నారు. నాకు ఆవు రాదని నీకు తెలుసు. నేను వేస్తే బల్లకి కొమ్ములు మొలిచినట్టుంటుంది. కనక ఒక్క ఆవుని వెయ్యి. చిన్నది. దూరంగా. అటు తిరిగి ఉండాలి.

దాచుకోవడమెందుకు, నిరుడు ప్రదర్శనలో నీ ఎద్దుని చూసి నా కడుపు మండిపోయింది. నా కొండ ముందు నేను నిలబడి ఉంటే ఒకావిడ వచ్చి "ఎద్దు ఎటువైపండీ?" అని నన్నే అడిగింది.

నీ
ఆలాన్సన్ రిగ్స్

తా.క.: ఆ సభ్యత్వానికి నువ్వూ పోటీ చేస్తున్నావని ఎవరో కూశారు. నేను నమ్మలేదు. నమ్మాలా?

*

వెర్మాంట్,
ఫిబ్రవరి 20

ప్రియమైన ఆలాన్సన్,

ఆవుని వేశాను, బొమ్మని రైల్లో తిప్పి పంపుతున్నాను. నువ్వు చెప్పినట్టు దూరంగానే మొదలుపెట్టాను. కానీ ముందువైపంతా అంత పచ్చటి గడ్డి పరిచి, ఆవుని అవతలి గట్టున ఉండమంటే ఎలా ఉంటుంది? పుట్టి బుద్ధెరిగినప్పట్నించీ ఆవుల మధ్య ఉన్నవాణ్ణి, ఏ ఆవూ అలా ఊరుకోదు. వాగు దాటి ఇటు వచ్చేసింది. ఇటొచ్చాక చిన్నదిగా ఎలా ఉంటుంది? పైగా దూడని వదిలేసి రాదు కదా, అదీ వచ్చింది.

పోటీ మాట నిజమే. చెప్పడానికి మొహం చెల్లలేదు.

నీ
హైరమ్ ప్లమ్లీ

తా.క.: బర్చ్ చెట్టు గురించి రాశావు. ఎంత వెతికినా కనబడలేదు. కీజయా ఇప్పుడే చెప్పింది, అది ఆవు వెనకుందట.

*

న్యూయార్క్,
మార్చి 4

ఓరి హైరమూ,

నా కొంప ముంచావు కదరా! నాతో పోటీకి దిగి, నా బొమ్మలోకే నీ ఆవుని తోలతావా?

బట్టలు ఉతికే మిసెస్ డూగన్ నిన్న మూట దించి, బొమ్మ ముందు కదలకుండా నిలబడిపోయింది. "దీని కళ్ళు చూడండి బాబూ! ఐర్లండులో మా ఇంట్లో అచ్చం ఇలాంటిదే ఉండేది. ఎవరేశారు?" అంది. "నేనే" అన్నాను. "ఊరుకోండి బాబూ, మీరేసేవి కొండలు కదా" అని నవ్వింది!

నేనూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. పొగమంచు వేశాను. నీ ఆవుకి ఇప్పుడు కొమ్ములు తప్ప ఏమీ మిగల్లేదు. దూడని బండరాయి చేసిపారేశాను.

ఇట్లు
ఆలాన్సన్ రిగ్స్

తా.క.: మిసెస్ డూగన్ ఇవాళ మళ్ళీ వచ్చింది. మంచులో కొమ్ములు చూసి, "అయ్యో, దారి తప్పిందా పిచ్చి తల్లి, ఎవరైనా వెతుకుతున్నారా?" అని కళ్ళు తుడుచుకుంది.

*

వెర్మాంట్,
మార్చి 15

ఆలాన్సన్,

పసి దూడని బండరాయి చెయ్యడానికి నీకు చేతులెలా వచ్చాయి? కీజయా ఇంట్లో నీ పేరెత్తనివ్వడం లేదు.

ఆవుని కావాలనే అంత పెద్దది చేశానని కదా నీ అనుమానం? నిజం. నీ తెల్లారుజాము వెలుగు చూశాక నాకు తిండి సయించలేదు. ఏదో ఒకటి అడ్డం పెట్టి మూసేద్దామనిపించింది. ఈసారి ప్రదర్శనకి పంపుతున్న నా బొమ్మ చూసి కీజయా ఏమందో తెలుసా? "ఆవులు బాగున్నాయి గానీ, గోడకి అంత దగ్గరగా ఎందుకు నిలబెట్టావు?" అది గోడ కాదు, ఆకాశం.

ఇప్పుడొక సాయం చెయ్యాలి. ప్రదర్శన తెరిచే ముందురోజు అందరూ వచ్చి తమ బొమ్మలకి ఆఖరి వార్నిష్ పూసుకుంటారు కదా, నేను రాలేను. మూడు ఆవులు ఈనడానికి సిద్ధంగా ఉన్నాయి. నాదానికి నువ్వే పుయ్యి. కొట్టుకున్నా తిట్టుకున్నా, నిన్ను కాక ఇంకెవర్ని అడగను?

నీ
హైరమ్

తా.క.: పూసేటప్పుడు ఆకాశం వైపు చూడకు.

*

న్యూయార్క్,
ఏప్రిల్ 8

హైరమ్,

చదివాక చించెయ్యి.

నీ బొమ్మని సరిగ్గా జనం కళ్ళకెదురుగా తగిలించారు. నాది తలుపు పైన, కప్పుకి ఆనించి. అది చూడగానే నాకు ఒళ్ళు తెలియలేదు. చేతిలో కుంచె, రంగులు ఉన్నాయి, పక్కన ఎవరూ లేరు. నీ ఆవుల్ని కూడా మంచులో ముంచేద్దామనుకున్నాను. అవును, పాడుచేద్దామనే!

పైనుంచి మొదలుపెట్టాను. మొదటి పూత ఎంత బాగా వచ్చిందంటే, దాని పక్కన చెడ్డ పూత వెయ్యడానికి మనసొప్పలేదు. అలా వేస్తూ పోయాను. పూర్తయ్యాక చూస్తే, వాన వెలిసిన ఆకాశం. ఇలాంటిది నా జన్మలో నేను వెయ్యలేదు. వేసింది నీ ఆవుల వెనక, నీ సంతకం ఉన్న బొమ్మలో! ఎన్నిక చేసే పెద్దలొచ్చి దానిముందు టోపీలు తీశారు. నువ్వే గెలుస్తావు. ఏడుస్తూనే చెబుతున్నాను, హాయిగా గెలుచుకో.

ఆలాన్సన్

తా.క.: వార్నిష్ పుయ్యడం మర్చిపోయాను.

*

వెర్మాంట్,
ఏప్రిల్ 19

ఒరేయ్ ఆలాన్సన్,

నీ ఉత్తరం, సంఘం కార్యదర్శి ఉత్తరం ఒకేసారి వచ్చాయి. నీది తెరవడానికి భయమేసి ఆయనదే ముందు చదివాను.

నాకు రాలేదు. "ఆవులు ప్రశంసనీయం. ఆకాశం మాత్రం శ్రీ రిగ్స్ గారిని అనుకరించినట్టు స్పష్టంగా ఉంది" అని రాశాడు. సంబరపడకు, నీకూ రాలేదు. కొమ్ములే కనబడుతున్నా అది ప్లమ్లీ ఆవేనని పెద్దలు ఇట్టే పట్టేశారట. ఇద్దరం ఒకళ్ళ పనితనం ఒకళ్ళం దొంగిలించామని తేల్చి, సభ్యత్వం ఎవడో మీసాలు రాని కుర్రాడికిచ్చారు. వాడు వేసిందేమిటో తెలుసా? పళ్ళెంలో నాలుగు పీచ్ పళ్ళు! కొండ లేదు, గొడ్డు లేదు, ఆకాశం లేదు!

కొట్టంలో పాలు పితుకుతూ నోటికొచ్చినట్టు తిట్టాను. కాసేపటికి చూసుకుంటే, తిడుతున్నది నిన్ను కాదు, ఆ పళ్ళవాణ్ణి. కుర్రతనం నుంచి నీమీద దాచుకున్న కుళ్ళంతా వాడి మీదకి పోయింది. ప్రాణం ఎంత తేలిగ్గా ఉందో చెప్పలేను. పెట్టె సర్దుకుని వచ్చెయ్. వచ్చే ఏటికి ఇద్దరం కలిసి ఒకటే బొమ్మ వేద్దాం. ఎవరి పేరు ముందుండాలో ఇక్కడికొచ్చాక కొట్టుకుందాం.

నీ
హైరమ్

తా.క.: అన్నయ్యగారొస్తున్నారని కీజయా మిఠాయి చేద్దామని, సీసాలో నిలవపెట్టిన పీచ్ పళ్ళు బయటికి తీసింది. లాక్కెళ్ళి పందులకి వేశాను. అవి కూడా ముట్టకపోతే బాగుండుననుకున్నాను. లొట్టలేసుకుంటూ తిన్నాయి, వెధవలు.