బూడిద తట్ట

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. కుంఠా నాకా కార్ఖానాలో బట్ట నేస్తుండగా సాంచె మగ్గం పోత ఇనుప కాలు విరిగింది. నీ జాగాలో వచ్చిన కొత్త వెల్డరు దాన్ని అతికి, ఎర్రగా ఉండగానే నీళ్లు కుమ్మరించబోయాడు.

"బూడిదల కప్పుర్రి సేటూ, తెల్లారేదాక మెల్లగ సల్లారాలె. మా బాపు గట్లనే చేస్తుండె" బీడీల పని నుంచి ఇంటికి పోతూ చూసి అన్నాను.

"బీడీలు చుట్టేదానివి, ఇనుము సంగతి నీకేమెరుక?" అన్నాడు సేటు. వెల్డరు నీళ్లు కుమ్మరించాడు.

గంట తిరక్కుండానే అతుకు పక్కన టప్పున పగిలింది. తొందరపెట్టిన వేడి ఇనుములోనే పగబట్టి కూర్చుంటుందని నువ్వనేవాడివి కదా! పైగా సేటు, "మీ బాపు అతికిన కాడనే పగిలింది" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ కాలికే కింద ఉన్న నీ పాత అతుకును వేలుపెట్టి చూపించాను. అది చెక్కుచెదరలేదు.

సాయంత్రం సేటు, నువ్వు ఇనుము మీద కప్పే పొయ్యి బూడిద కోసం మన గుమ్మంలో నిలబడ్డాడు. అతను నీ పేరు చెప్పి అడిగేదాకా నేను తట్ట కదల్చలేదు.