ఆరుగురూ ఒక్కరే

జూన్ 9, సోమవారం

మా గేమ్‌లో హీరో ఎంతమందిలోంచి ఒకరిని ప్రేమించవచ్చు? ఈ ఒక్క ప్రశ్నతో రోజంతా పోయింది.

మార్కాపురంలో ఇర్ఫాన్ మొబైల్ రిపేర్ షాపు పైగదిలో ముగ్గురం కలిసి రోల్ ప్లేయింగ్ గేమ్ చేస్తున్నాం. కోడ్ వర్షిణిది, బొమ్మలు ఇర్ఫాన్‌వి, మాటలు నావి. నీళ్లు మాయమైన రాజ్యంలో హీరో ఊట వెతుక్కుంటూ తిరుగుతాడు. దారిలో కొందరు తోడవుతారు. వాళ్లలో ఎవరిని ప్రేమించాలన్నది ఆడేవాళ్ల ఇష్టం.

ఒక్కరు చాలు, ఆ ఒక్కరినే బాగా రాస్తానన్నాను. వర్షిణి ఒప్పుకోలేదు. ముగ్గురు ఆడవాళ్లు, ముగ్గురు మగవాళ్లు ఉండాల్సిందేనంది. ఒక్కరినే పెడితే అది ప్రేమ కాదట, ఇంట్లోవాళ్లు కుదిర్చిన సంబంధమట. ఇర్ఫాన్ పడీ పడీ నవ్వి ఆమెకే ఓటేశాడు. ఓడిపోయాను.

జూన్ 17

వైద్యురాలి పాత్ర రాయడం అయిపోయింది. పాములు పట్టే అమ్మాయిది కూడా. కూర్చుంటే చాలు, మాటలు వాటంతటవే వస్తున్నాయి. నాలో ఇంత టాలెంట్ ఉందని నాకే తెలియదు.

జూన్ 28

ఆరుగురూ పూర్తి. ఆఖరివాడు కమ్మరి భైరవుడు. తలుపు పట్టనంత మనిషి, చెవుల దాకా మీసం. అతని లవ్ సీన్ రాసి నేనే సిగ్గుపడ్డాను.

జూలై 3

ఇర్ఫాన్ చెల్లెలు సాదియా ఇలాంటి గేములు చాలా ఆడింది. అందుకే టెస్టింగ్ ఆమెకిచ్చాం. ఈరోజు ల్యాప్‌టాప్ మూసి, ఈ ఆరుగురూ ఒకే ఇంటివాళ్లా అని అడిగింది.

అందరూ నోరు తెరిస్తే ముందు 'ఒక్క నిమిషం ఆగు' అంటారట. అందరూ మజ్జిగ సగం తాగి వదిలేస్తారట. హీరో ఏదైనా తప్పు పలికితే ఆరుగురూ దిద్దుతారట. కోపం వస్తే జడ ముందుకేసుకుంటారట. భైరవుడు కూడా. కమ్మరికి జడేంది అని అడిగింది. స్క్రిప్టులో ఉంది కాబట్టి గీశానన్నాడు ఇర్ఫాన్.

"ఒక్క నిమిషం ఆగు" అంది వర్షిణి, జడ ముందుకేసుకుంటూ.

సాదియా ఆమెను చూసింది. ఇర్ఫాన్ ఆమెను చూశాడు. తర్వాత ముగ్గురూ నన్ను చూశారు.

జూలై 3, సాయంత్రం 6

నాకు తెలియదు. ప్రమాణంగా తెలియదు. తెలిసి ఉంటే భైరవుడి దగ్గరైనా ఆగేవాణ్ని.

జూలై 4

వర్షిణి రాలేదు.

జూలై 5

స్క్రిప్ట్ మొత్తం చదువుతున్నానని వర్షిణి మెసేజ్. అంతే. ఇమోజీ లేదు. అన్నం సహించలేదు. జ్వరమా అని అమ్మ నుదురు పట్టుకుని చూసింది. బగ్ అని చెప్పి తప్పించుకోమని ఇర్ఫాన్ సలహా. కోడ్‌లో అయితే బగ్ అనొచ్చు. డైలాగుల్లో బగ్ ఏమిటి?

జూలై 7

వచ్చింది. టీ తాగొద్దామని కిందికి పిలిచింది. నేను క్షమాపణ మొదలుపెట్టబోతే చెయ్యెత్తి ఆపింది.

"నీ మీద నాకు అట్లాంటిది లేదు ఫణీ. రాదు కూడా. నేనెట్ల మాట్లాడతానో ఇంత జాగ్రత్తగా విన్నోళ్లు మాత్రం ఎవరూ లేరు, దానికి సంతోషమే. కానీ ఆరుగురిని రాసినావు, ఒక్కరికీ కాదనే వీలు ఇయ్యలేదు. నాలుగు పూలు తెచ్చిస్తే అందరూ సరేనంటుండారు. నేనట్ల అంటానా?"

అనవు అన్నాను.

ఇన్ని రోజులూ ఎంతమంది అని కొట్టుకున్నాం కానీ, వాళ్లు కాదంటే ఏమవుతుందని ఎవరమూ అడగలేదంది. అది రాయమంది. టీ సగం వదిలేసి పైకి వెళ్లిపోయింది.

జూలై 8

ఏడ్చాను. మరీ ఎక్కువేం కాదు. ఇంటర్వెల్ అంతసేపు.

జూలై 16

ఒక్కొక్కరూ ఎలా కాదంటారో రాస్తున్నాను. విచిత్రం. 'సరే' అన్నప్పుడు ఒకేలా ఉన్నవాళ్లు 'కాదు' అనేసరికి ఆరుగురయ్యారు. వైద్యురాలు హీరో నాడి చూస్తూ, చెయ్యి వదలకుండానే చెబుతుంది. పాముల అమ్మాయి నవ్వేస్తుంది, తర్వాత నవ్వినందుకు బాధపడుతుంది. భైరవుడు ముందు అన్నం పెడతాడు. కడుపునిండా తిన్నాకే చెబుతాడు.

ఇర్ఫాన్ జడ తీసేశాడు.

జూలై 27

సాదియా మళ్లీ ఆడింది. వైద్యురాలు కాదంటే అరగంట అలిగి, మళ్లీ వెళ్లి ఆమెతోనే స్నేహం చేసింది. ఇంకో ఇద్దరిని పెడదామా అన్నాను. వర్షిణి వద్దంది. ఇప్పుడు నేను ఎక్కువ కావాలంటున్నాను, ఆమె తక్కువ చాలంటోంది. అదే గది, అదే గొడవ. నవ్వొచ్చింది. నిజం నవ్వే.

ఆగస్టు 24

గేమ్ విడుదలై వారమైంది. గిద్దలూరు వెళ్లాలని బస్సెక్కాను. పక్క సీటులో ఎవరో పెద్దావిడ ఫోన్లో మా గేమ్ ఆడుతోంది. ఆరుగురిలో ఒకడైన పడవవాడు ఆమెను కాదన్నాడు. ఆవిడ కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. ముక్కుపుడక సర్దుకుంది. మళ్లీ ఫోన్ తీసి, హీరోని ఎండలో ఒక్కడినే ముందుకు నడిపించింది. ఎటు పోతుందా అని చూస్తూ కూర్చున్నాను. గిద్దలూరులో దిగాల్సినవాణ్ని, ఊరు దాటిపోయి కొమరోలులో దిగాను.