దొరగారికి ఒక మాట

నవంబరు 19, ఆదివారం

చిరంజీవి తమ్ముడికి,

అన్నయ్య ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమమని రాయాలి గానీ, సగం క్షేమమని రాస్తున్నాను. అక్కడ మీరు ఇంటిల్లిపాదీ పూర్తి క్షేమమని తలుస్తాను. కవరు మీద నా దస్తూరీ చూడగానే చింపి పారేస్తావేమోనని భయంగా ఉంది. ఆమధ్య మరదలు ఫోన్ చేస్తే నేను లైన్లోకి రాలేదని నిష్ఠూరపడిందట. పంతానికి కాదని చెప్పు.

ఇంతకీ ఈ ఉత్తరం దొరగారి గురించి. తొట్టి కడగందే నీళ్లు ముట్టదని మన గుర్రానికి నువ్వు పెట్టిన పేరే ఇప్పటికీ నడుస్తోంది. కలప అడితి మూసేస్తున్నారు. దుంగలు లాగే పని ట్రాక్టర్లు ఎప్పుడో లాక్కున్నాయి, ఇప్పుడు స్థలం కూడా అమ్ముడైంది. కొట్టం ఖాళీ చేయాలి. చూపు లేని ముసలి గుర్రాన్ని కబేళా వాడు తప్ప ఎవరు అడుగుతారు? వాడు అప్పుడే వచ్చి దొరగారి డొక్కలు తడిమి చూసుకుని వెళ్లాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మీ వదిన వాడికి మంచినీళ్లు కూడా ఇవ్వకుండా పంపేసింది.

అందుకని ముసలి గుర్రాలను చూసుకునే చోట్లు వెతికాం. నవ్వకు, మనుషులకున్నట్టే వాటికీ ఉన్నాయి.

మొదటిది మరీ షోకుగా ఉంది. సెలవు రోజుల్లో జనం వచ్చి గుర్రాలను నిమిరి ఫొటోలు దిగుతారట. చూపులేని జీవాన్ని ఊరూపేరూ తెలియని వాళ్లు నాలుగు వైపులనుంచీ తడిమితే గుండె ఆగిపోదా అని మీ వదిన అడిగింది. అలవాటైపోతుందండీ అన్నాడు మేనేజరు. మాట్లాడినంతసేపూ గుర్రాలకి వీపు పెట్టే నిలబడ్డాడు.

రెండోదానికి వంక పెట్టడానికి లేదు. గడ్డి మంచిది, నేల పొడిగా ఉంది. కానీ అంత నిశ్శబ్దం నేనెక్కడా ఎరగను. పనివాడు చెవుల్లో పాటలు పెట్టుకుని మేత పడేసి పోతున్నాడు. ఒక్క గుర్రాన్నీ పలకరించలేదు. అవీ తల ఎత్తి చూడలేదు. తిరిగి వస్తుంటే బస్సులో నాకు ఏడుపొచ్చింది. ఎందుకో మీ వదినకి తెలుసు, అందుకే ఏమీ అడగలేదు.

మూడోది ఒక రిటైరైన నర్సు నడుపుతోంది. కప్పు రేకులది, కంచె అంతా అతుకులు. అయితేనేం, అబ్బ, ఆవిడ నోరు! గేటు దగ్గర మొదలుపెట్టిన మనిషి మళ్లీ మమ్మల్ని గేటు దాటించేదాకా ఆపలేదు. మాతో సగం, గుర్రాలతో సగం. ఒకదాన్ని సోమరిపోతని తిడుతుంది, ఇంకోదాన్ని మోకాలి నొప్పి తగ్గిందా అని అడుగుతుంది. ఇక్కడ రెండు రోజులుంటే నాకు చెవుడు ఖాయం అంది మీ వదిన. నేను మాత్రం అక్కడికే సరేనన్నట్టు తలూపాను. ఆ వాగుడు కోసమే.

నిన్న లారీ వచ్చింది. కొట్టం గుమ్మానికే ఆనించి, గుర్రం ఎక్కడానికి చెక్క దించారు. దొరగారు కదల్లేదు. నాన్న నేర్పిన పద్ధతి నీకు గుర్తుండే ఉంటుంది. దుంగల మధ్య ఎవరైనా పొరపాటున తాడు లాగితే, గుర్రం కదిలి మనిషి నలిగిపోతాడని, లాగినా నెట్టినా కదలకుండా, మనం "పద నాయనా" అంటేనే అడుగు వేసేలా తయారుచేశాడు. చూపు పోయాక ఆ మాటే దొరగారికి కళ్లయింది. నిన్న లారీ డ్రైవరు ఆ మాట అన్నాడు, మీ వదిన అని బతిమాలింది, లారీతో వచ్చిన నర్సమ్మ అంది. దొరగారు మర్యాదగా అందరి మాటా విని, చెవులు నిక్కించుకుని అలాగే నిలబడ్డారు. అందరూ కలిసి నెడితే మోకాళ్ల మీద పడ్డారు. నేనే ఆపించాను.

లారీ ఖాళీగా వెళ్లిపోయింది. వచ్చే ఆదివారం మళ్లీ వస్తుంది. అదే ఆఖరు, ఆ మర్నాడు కొట్టం పడగొడతారు. కబేళా వాడికైతే గుర్రం తన కాళ్లతో నడిచి రావాల్సిన పని కూడా లేదు.

పక్కన ఉండి నువ్వేం చేశావని అడుగుతావు. తాడు పట్టుకుని నిలబడ్డాను.

దొరగారికి చూపు పోయిన ఏడాది, అమ్మేద్దామని నువ్వు, వీల్లేదని నేను. ఇక జన్మలో నాతో మాట్లాడనన్నావు. అన్న మాట మీద నిలబడ్డావు, అది మన ఇంటి జబ్బు. ఆ గొడవ తవ్వడానికి రాయడం లేదు. ఆదివారం పొద్దున్నే అడితికి రా, అంతే. పిల్లలకి ముద్దులు.

ఇట్లు,
నీ అన్నయ్య

తా.క.: అసలు సంగతి రాయకుండా కవరు అంటిస్తే ఊరుకోనంటోంది మీ వదిన. వేసవిలో నా గొంతుకి ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ప్రాణం మిగిలింది, మాట పోయింది. జాలిపడి వచ్చే తమ్ముడు నాకక్కర్లేదని, నీకు చెప్పనని మీ వదిన చేత ఒట్టు వేయించుకున్నాను. అప్పటినుంచీ వాడు, మన దొరగారు, కొట్టం గడప దాటలేదు. నా చెయ్యి వాసన చూస్తాడు, చెవులు నిక్కించి మాట కోసం ఆగుతాడు. నిన్న లారీ వెళ్లాక మీ వదిన ఫోన్లో ఎప్పటిదో వీడియో దొరికింది. అందులో నేను "పద నాయనా" అనగానే వాడు గబగబా వచ్చి ఫోన్ని నాకాడు. నేను పక్కనే ఉన్నాను. అందులో నేను లేనని తెలిసిపోయాక, ఇక ఎన్నిసార్లు వినిపించినా కదల్లేదు. మనిద్దరి గొంతూ ఒకటే, గది బయటినుంచి పిలిస్తే అమ్మ కూడా పొరబడేది కదా. నువ్వు వచ్చి నాతో మాట్లాడక్కర్లేదు, నేనెలాగూ బదులు చెప్పలేను. వాడితో ఆ ఒక్క మాట అను, చాలు.