నొక్కని బటన్

మెదక్, ఆదివారం రాత్రి

మేం చర్చి నుంచి వచ్చేసరికే చెల్లిని చూడ్డానికి చేగుంట వాళ్లు వచ్చి కూర్చున్నారు. అబ్బాయి మంచివాడే. తప్పు అతనిది కాదు.

చిన్నాయన అందరి ముందూ అడిగాడు: "ఏమంటవ్ స్వప్నా? ఇష్టమేనా బిడ్డా?"

అది తల వంచుకుని గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంది.

"సప్పుడు చేస్తలేదంటే ఒప్పుకున్నట్టే! శక్కరి తెండ్రి, నోరు తీపి చేసుకుందం," అని చిన్నాయన నవ్వాడు. అందరూ నవ్వారు.

మెదడు నిర్ణయం ఎలా తీసుకుంటుందన్నదే నా పీహెచ్‌డీ. నా ప్రయోగంలో మనిషి ముందు 'అవును', 'కాదు' అని రెండు బటన్లు ఉంటాయి. గడువులోగా ఏదీ నొక్కకపోతే దాన్ని 'అవును' కింద వేయకూడదు, 'జవాబు లేదు' అని పక్కన పెట్టాలి. ఈ తప్పు చేసిన జూనియర్ మీద ఒకసారి గట్టిగా అరిచాను కూడా.

ఇవాళ శక్కరి పళ్లెం నా ముందుకు రాగానే చెయ్యి చాపాను. పెద్దవాళ్ల మధ్య మాట్లాడితే బాగుండదని... కాదు, భయమేసింది. "జర ఆగండ్రి, దాన్ని ఆలోచించుకోనియ్యండ్రి" అని ఒక్క మాట అంటే సరిపోయేది.

వాళ్లు వెళ్లాక గిన్నెలు తోముతూ, నా వైపు చూడకుండానే స్వప్న అంది: "నువ్వన్నా ఇంకోసారి అడుగుతవనుకున్న అక్కా."

అప్పుడైనా అడగాల్సింది. పక్కనే నిలబడి, నేనూ ఏమీ అనలేదు.

నా మౌనాన్ని అది దేని కింద వేసుకుందో.